ఐదు తట్లు

కనకలక్ష్మి రోజూ కంకిపాడు బస్సులో విజయవాడ వస్తూ దారి పొడవునా దుకాణాల బోర్డులు చదువుతుంది. ‘&’ గుర్తు కనపడితే చాలు, ఒళ్లోని క్యారేజీ మీద వేలితో ఐదుసార్లు తడుతుంది. ఆఫీసులో ఆమె పని దుకాణాల పేర్లను ఎక్స్‌ఎంఎల్ ఫైల్లోకి ఎక్కించడం. ఆ గుర్తు ఒంటరిగా ఎదురైతే, అక్కడేదో సంకేతం మొదలైందనుకుంటుంది ఆ ఫైలును చదివే ప్రోగ్రాం, పార్సర్. దాని ముగింపు దొరక్క ఫైలు మొత్తాన్నీ తిప్పికొడుతుంది. అందుకే గుర్తుకు బదులు & అని ఐదు మీటలు నొక్కాలి. పార్సర్ దాన్ని చదువుకుని మళ్లీ గుర్తుగానే చూపిస్తుంది.

ఆ మధ్యాహ్నం ఫైలు రెండోసారి తిరిగొచ్చింది. మూడోసారీ వస్తే ఈ వారం జాబితా లేనట్టే. సూపర్‌వైజరు దుర్గాప్రసాద్ తెర మీదికి వంగాడు. “హబీబ్ & ఆస్రా టైలర్స్ దగ్గర ఆగిందండీ. ఆ గుర్తూ, దాని వెనకున్న పేరూ తీసేయండి. హబీబ్ అంటే చాలదా?”

కనకలక్ష్మి మణికట్టుతో కళ్లజోడు పైకి నెట్టుకుని, తాపీగా ఐదు మీటలూ నొక్కింది. ఫైలు వెళ్లిపోయింది.

“ఆస్రా మీకు తెలుసాండీ?”

“తెలీదండీ,” అంది క్యారేజీ మూత తీస్తూ. “మొన్న పెయింటరు ఆ పేరు రాస్తుంటే బస్సులోంచి చూశాను. నిచ్చెన ఆ పిల్లే పట్టుకుంది.”