మొరం బాట, మూసిన వాకిలి

తెలంగాణ కావాలని గొడవ జోరుగా నడుస్తున్న ఆ ఏడాది కాలేజీలు మూసేస్తే, నేను హాస్టల్ నుంచి మొయినాబాద్ దగ్గరి మా ఊరికి వచ్చేశాను. చదువు ఆగిందని దిగులు పడాల్సింది పోయి, మేం అవ్వ అని పిలిచే అమ్మ చేతి జొన్నరొట్టెలు తింటూ హాయిగా ఉన్నాను.

అప్పుడే మా గల్లీకి బాట వేయాలని సర్పంచ్ నిర్ణయించాడు. బాటతో బాగుపడేది గల్లీవాళ్లే కాబట్టి ఖర్చు కూడా వాళ్లదేనన్నాడు. పైసలు కాదు, బాట మీద పరిచే ఎర్ర కంకరమట్టి, మొరం. గల్లీలోకి తెరుచుకునే ఒక్కో వాకిలికి నాలుగు బండ్ల మొరం. ఎవరి ఇంటి ముందు వాళ్లే పోసుకోవాలి.

మా బాపుకు ఎడ్లంటే ప్రాణం. "ఎడ్లు దున్నెటందుకా, ఊరి బాట మోసెటందుకా?" అని గొణిగి, మరునాడే రాళ్లూ మట్టీ పెట్టి ముందు వాకిలి మూసేశాడు. వెనక సందులోకి పెరటి తలుపు ఉన్నది కదా, అది చాలన్నాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా.

పొద్దంతా పని చేసి, సాయంత్రం ఆ గడప మీద కూర్చుని ఎదురింటి అక్కతో ముచ్చట పెట్టడమే అవ్వకున్న సంబరం. ఇప్పుడు గోడకేసి కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. అవతల నవ్వులు వినిపిస్తే చేయి ఆగిపోయేది. నాకు బాపు మీద ఒళ్లు మండేది.

గల్లీ అంతా ఎర్రటి మొరం పడింది, మా గోడ ముందు తప్ప.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం బాపు చేవెళ్ల నుంచి పల్లి విత్తనం బస్తాలు తెచ్చాడు. గల్లీ పొడుగునా హుషారుగా వచ్చిన బండి సరిగ్గా మా గోడ ముందే ఇరుసు దాకా దిగబడింది. పైన చినుకులు. వెనక సందు చుట్టూ తిప్పి మోసేలోపు బస్తాలు నానిపోతాయి, ఆ ఏటి పంట పోయినట్టే.

"ఏమే, జర జల్ది రా, బస్తాలు దించాలె" అని బాపు కేకేశాడు.

అవ్వ గోడ ఇవతల నుంచి నిమ్మళంగా అడిగింది. "ఎట్ల రావాలె? వాకిలేది?"

ఎదురింటి అరుగు మీద ఒకటే నవ్వులు. బాపు బండిలోని గడ్డపార తీసుకుని గోడ మీద పడ్డాడు. లోపలి నుంచి నేను రోకలితో అందుకున్నాను. ఇంత ఆనందంగా నేనెప్పుడూ ఏ పనీ చేయలేదు. మనిషి పట్టేంత దారి కాగానే బస్తాలన్నీ లోపలికి చేరాయి. విత్తనం దక్కింది.

వాన వెలిశాక బాపు తల గోక్కుంటూ, "రేపు మొరం తెస్త. వాకిలి ఎప్పటి లెక్కనే పెడుదమా?" అన్నాడు.

అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని, కూలిన గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"ఎప్పటిది ఒంటిరెక్క తలుపు. ఎదురింటక్క, నేను ఇద్దరం గూసుంటే ఇరుకైతున్నది. రెండు రెక్కలది పెట్టు" అన్నది.