మధ్యలో వచ్చే నిదానం పాట

మూఢం వస్తే మా బ్యాండుకు పని ఉండదు. పెళ్ళిళ్ళు ఉండవు, ఊరేగింపులు ఉండవు. యానాంలో నేను పనిచేసే బట్టల షాపు నుంచి వచ్చేశాక సాయంత్రాలన్నీ ఖాళీ. ఆ ఏడు అలాంటి ఖాళీలోనే ఫోన్లో ఏదో వెతుకుతూ ఒక క్లారినెట్ కాన్సెర్టో విన్నాను. ఒక్క వాయిద్యం ముందు నడుస్తుంటే పెద్ద ఆర్కెస్ట్రా దానికి తోడు వెళ్ళే సంగీతం అది. మూడు భాగాలు. మొదటిదీ చివరిదీ హుషారుగా ఉంటాయి. మధ్యది నిదానం. చిన్నప్పటి నుంచీ క్లారినెట్ ఊదుతున్నాను గానీ నా వాయిద్యం అంత మెల్లగా మాట్లాడగలదని అప్పటిదాకా తెలియదు. బ్యాండులో మాకెప్పుడూ పరుగే. పెళ్ళికొడుకు కారు ముందు జనం గెంతుతుంటే నిదానం ఎవరికి కావాలి?

నేర్చుకోవాలనిపించింది. నొటేషన్ ఇంటర్నెట్లో దొరికింది. దాని ప్రకారం వేళ్ళు వేస్తే పాట పలికింది గానీ, ఫోన్లో వినిపించేదాని కన్నా నాది అర స్వరం పైన ఉంది. అది ఇంకో రకం క్లారినెట్ కోసం రాసిందట. మా దగ్గర ఉండేది ఒకటే రకం. ఫోన్ శ్రుతికి దించి వాయిద్దామంటే వేళ్ళు చిక్కుపడిపోయాయి. ఇక ఫోన్ కట్టేసి ఒంటరిగా వాయించుకోవడమే. ఒంటరిగా వాయిస్తే నిదానం నిలవలేదు. ఊపిరి అయిపోతుందన్న భయంతో ప్రతి వరస చివరా తొందరపడేవాణ్ణి.

మా ఆవిడ కొన్నాళ్ళు ఊరుకుని, ఆఖరికి అడిగేసింది.

"ఏంటండీ ఈ పాట? ఎవరు పోయారని పక్కింటావిడ అడుగుతోంది."

మర్నాడు క్లారినెట్ తీసుకుని ఫరంపేటలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. మా బ్యాండుకు పెద్ద ఆయనే. పెద్ద డ్రమ్ము కూడా ఆయనదే. చుట్టూ ఎంత గోల జరుగుతున్నా ఆయన చెయ్యి తొందరపడగా నేను చూడలేదు. పాట మొత్తం విని, "ఏ రాగంరా ఇది?" అన్నారు.

"శంకరాభరణం స్వరాలేనండి. మేజర్ స్కేలు."

"మేజరైతే సంతోషంగా ఉండాలి కదా. మరి గుండె పట్టేస్తోందేంటి?"

"అదే నాకూ అంతుబట్టలేదండి."

ఆయన బల్ల మీద వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టారు. మూడేసి దెబ్బలు. నేననుకున్న దానికన్నా చాలా మెల్లగా ఉన్నాయి.

"ఊపిరి చాలదు మాస్టారూ."

"చాలకపోతే తీసుకో. నిన్నెవడు తరుముతున్నాడు?"

సగంలో ఆపి రీడు తుడుచుకుంటుంటే లోపలి గదిలోంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఆపేశావేంటి తమ్ముడూ? వాయించు."

ఆవిణ్ణి నేను అక్కా అనేవాణ్ణి. అక్కకి కిడ్నీలు పాడై అప్పటికి చాలా కాలమైంది. డయాలసిస్ కోసం కాకినాడ తీసుకెళ్ళి తీసుకొచ్చేవారు. వెళ్ళొచ్చిన రోజు మాట కూడా వచ్చేది కాదు. తెరిపిగా ఉన్న రోజు మాత్రం గడప దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చునేది. ఆ మూఢం పొడుగునా నేను వాయించింది మాస్టారి కోసమా, అక్క కోసమా అంటే చెప్పలేను. ఒకరోజు, ఎవరు పోయారని పక్కింటావిడ అడిగిన సంగతి చెప్పి నవ్వబోతే, అక్క నవ్వలేదు.

"ఇది ఏడుపు పాట కాదు. ఏడవడం అయిపోయి, మొహం కడుక్కుని కూర్చున్నట్టుంది" అంది.

ఆ మాటకి మాస్టారి వేళ్ళు బల్ల మీద ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ కొట్టారు. ఆ రోజు మొదటిసారి నేను తొందరపడకుండా చివరిదాకా వెళ్ళగలిగాను.

మూఢం పోయి పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. పాట పక్కకు పోయింది. ఆ సీజన్ మధ్యలోనే అక్క పోయింది.

చర్చిలో ప్రార్థన అయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అక్కడి నుంచి సమాధుల తోట దాకా నడవాలి. మామూలుగా ఇలాంటప్పుడు అందరికీ తెలిసిన భక్తి పాటలే వాయిస్తాం. మాస్టారు నా దగ్గరికి వచ్చి, "అది వాయించరా. నీ నిదానం పాట" అన్నారు. అని, డ్రమ్ము వేరేవాడి మెడలోంచి తీసి తన మెడలో వేసుకున్నారు. ఆయన బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటి బావా ఇది? నువ్వు వాయించడమేంటి? నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ" అన్నారు మాస్టారు.

నేను మొదలుపెట్టాను. డ్రమ్ము మెత్తగా పలికింది. నాలుగు వరసలు వెళ్ళామో లేదో, దెబ్బ ముందుకు జరిగింది. పొరపాటేమో అనుకున్నాను. కాదు. మాస్టారు తొందరపడుతున్నారు. పాట మా ఇద్దరి చేతుల్లోంచీ జారిపోతోంది. నేను నిదానాన్ని పట్టి ఉంచితే ఆయన నన్ను వింటారని తెలుసు. కానీ ఆ మనిషిని అందరి ముందు సరిదిద్దడానికి మనసు రాలేదు. ఆయన వేగంలోకే వెళ్ళిపోయాను. మోసేవాళ్ళు కూడా అడుగు పెంచారు. ఊపిరి తీసుకునే చోట్లన్నీ పోయాయి. తోట గేటు దగ్గరికి వచ్చేసరికి అది నిదానం పాటలా లేదు. అయినా ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకోవడం చూశాను.

కొన్నాళ్ళకి మాస్టారు షాపు దగ్గరికి వచ్చారు. బయట నిలబడి టీ తాగాం.

"ఆ రోజు పరిగెత్తేశాను కదూ?"

లేదని చెప్పబోయి, ఆయన మొహం చూసి, "ఆయ్, అవునండి" అన్నాను.

"తెలుస్తూనే ఉందిరా. నా చెయ్యి ఆపుకుందామనే అనుకున్నాను. కానీ మీ అక్కకి ఎండ పడదు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు కూడా ఎండ పడితే విలవిల్లాడిపోయేది. తొందరగా నీడకి చేర్చేద్దామనిపించింది."

గ్లాసులు తిరిగిచ్చేసి ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయారు.

తరవాత కనకాలపేటలో ఒక పెళ్ళికి మళ్ళీ డ్రమ్ము తగిలించుకుని వచ్చారు. అప్పటిదాకా ఆయన మానేస్తారేమోనని మేమందరం భయపడ్డాం. సినిమా పాటలు ఒకదాని మీద ఒకటి అడిగి వాయించుకున్నారు ఆ పెళ్ళివారు. దుమ్ములో కుర్రాళ్ళు గెంతుతున్నారు, టపాకాయలు పేలుతున్నాయి. ఆయన దెబ్బ ఎక్కడా తప్పలేదు.

భోజనాల దగ్గర ఆయన పక్కనే కూర్చున్నాను. పప్పు మళ్ళీ వడ్డించమని నా విస్తరి చూపించారు. తను మాత్రం రెండు ముద్దలు తిని లేచిపోయారు.