జానెడెత్తు స్టాండు

ఆ రోజుల్లో భయపడటానికి మాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. ఇన్‌స్పెక్షనంటే భయం, హెడ్మిస్ట్రెస్ గారి చెప్పుల చప్పుడంటే భయం, బస్సు తప్పిపోతుందేమోనని భయం, ఎక్కాక అది కాలవలో పడుతుందేమోనని భయం. ఇవన్నీ ఉండగానే మనుషులు ఉద్యోగాలు చేశారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని పెంచారు. ఇప్పటివాళ్ళు "భయమేస్తే మానేయొచ్చుగా" అంటారు. మానేసే సౌకర్యం అప్పటికి మాదాకా రాలేదు. నేను చెప్పబోయేది అరవై ఒకటో సంవత్సరం మాట. (మా అక్క అరవై రెండంటుంది. అరవై రెండులో దాని పెద్దకూతురు ఇల్లంతా నడుస్తోంది. ఈ కథ జరిగినప్పుడు ఆ పిల్ల ఇంకా కడుపులో ఉంది. లెక్క ఎవరైనా చూసుకోవచ్చు.)

మా పుట్టిల్లు గుడివాడ. నేను బందరులో అక్కావాళ్ళింట్లో ఉంటూ, ఒక ఆడపిల్లల హైస్కూల్లో ప్రకృతి పాఠాలు చెప్పేదాన్ని. చేరి ఏడాది కూడా కాలేదు. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో, ఎవరూ అడక్కుండానే, "పుస్తకాల్లో జంతువుల ఫోటోలన్నీ మనిషి నిలబడి కిందికి చూసి తీసినవేనండీ, అందుకే పీతకి వీపే కాదు మొహం కూడా ఉందని ఏ పిల్లకీ తెలీదు, దాని కళ్ళెత్తులో కెమెరా పెట్టి తియ్యాలి" అన్నాను. హెడ్మిస్ట్రెస్ గారు టీ కప్పు కింద పెట్టారు. "మీ బావగారిది ఫోటో స్టూడియో కదూ?" అన్నారు. అవునండీ అన్నాను. "అయితే ఇన్‌స్పెక్షను లోపల ఆ మొహమేదో తీసుకురామ్మా, గోడకి పెడదాం" అన్నారు. ఆ చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళి ఆగిపోయేవరకూ నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.

బావకి ఉన్నది ఒక్కటే కెమెరా. ముందుకి లాగితే హార్మోనియంలా తోలుతిత్తి సాగే మడత కెమెరా అది. దానిమీదే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ముందు పెళ్ళిళ్ళ రోజులు, ఇంట్లో నెలలు నిండుతున్న అక్క. కెమెరాకి ఉప్పునీరు ఒక్క చుక్క తగిలిందా, స్టూడియో తలుపులు మూసుకోవడమే. ఇది బావ నాకు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. అడిగినప్పుడు ఆయన మొహం చూశాను, అది చాలు. అయినా పాపం, కాదనలేదు. "మరదలు పిల్లా, రెండు మాటలు. ఒకటి, దీన్ని నేలమీద పెట్టకూడదు. ఇసకరేణువు దూరితే ఇది గోధుమపిండి మరలాగా కరకరలాడుతుంది. రెండు, ఈ తోలుపట్టీ నీ మెడలోంచి తియ్యకూడదు. పడితే ఇద్దరూ కలిసి పడండి" అన్నాడు.

"నేలమీద పెట్టకుండా నేల ఎత్తులో ఎలా పెట్టను బావా?"

"ఆ లెక్కలు నీవి. నువ్వు చదువుకున్నదానివి."

స్టూడియోలో ఉన్న టేకు స్టాండు నా గడ్డందాకా వస్తుంది. కాళ్ళు బార్లా చాపి కిందికి దించబోతే, అప్పుడే పుట్టిన దూడ లేవబోయినట్టు ఒక్కోకాలూ ఒక్కో దిక్కుకి జారి చతికిలబడింది. (కెమెరా పెట్టలేదు. ఇటుక పెట్టి చూశాను. నాకు ఆ మాత్రం భయం ఉంది.) కత్తిపీట కత్తి ఊడదీసి చెక్కమీద పెడదామా అనుకున్నాను, అది మరీ నేలకి అంటుకుని ఉంటుంది. ఇడ్లీ గిన్నె బోర్లించాను, ఊగింది. చివరికి అక్క కూర్చుని చేపలు బాగుచేసే ముక్కాలి పీట కనిపించింది. సరిగ్గా జానెడెత్తు, మూడు కాళ్ళు, రాయిలా నిలబడుతోంది. దేవుడు స్టాండులు చెయ్యడం ఇక్కడ మొదలుపెట్టాడనిపించింది. దాన్ని నాలుగైదుసార్లు కడిగి, ఎండబెట్టి, ఒళ్ళో పెట్టుకుని, కృష్ణ సముద్రంలో కలిసేచోట పీతలు గుట్టలుగా ఉంటాయని అవనిగడ్డ బస్సెక్కాను. మెడలో కెమెరా, ఒళ్ళో పీట. కండక్టరు టికెట్టు కొడుతూ, "అదేంటండీ టీచరమ్మగారూ, మా బస్సులో సీట్లున్నాయిగా!" అన్నాడు. బస్సంతా నవ్వింది. పులిగడ్డ దాటేవరకూ నేను కిటికీలోంచే చూశాను.

కోడూరు దగ్గర పల్లెలో మా పిన్ని ఉండేది. అమ్మకి స్వయానా చెల్లెలు, నిలువెత్తు మనిషి, లోకంలో దేనికైనా ముందు భయపడి తరవాత ప్రార్థన చేసుకునే రకం. పెళ్ళికాని పిల్లని ఒంటరిగా సముద్రం ఒడ్డుకి పంపడానికి భయం, తను రావడానికి అంతకన్నా భయం. రెండూ బేరీజు వేసుకుని, ఎడ్లబండి కట్టించుకుని గొడుగుతో బయల్దేరింది. పాలకాయతిప్ప చేరేసరికి సాయంత్రమైంది. ఒడ్డున మనిషి లేడు. ఒకపక్క కృష్ణ, ఒకపక్క సముద్రం, మధ్యలో ఎర్రతివాచీ పరిచినట్టు పీతలు. నేను కాలు పెట్టగానే ఆ తివాచీ మొత్తం కన్నాల్లోకి ఇంకిపోయింది. తడి ఇసకలో పీట వేసి, కెమెరా పెట్టి, వెనక బోర్లా పడుకున్నాను. పట్టీ పొట్టిది, మెడ ఎత్తితే కెమెరా లేస్తుంది. అలా కట్టేసినట్టు పడున్నానా, పీట ఒకకాలు మెల్లిగా దిగింది. తరవాత రెండోది. మూడోది మాత్రం దిగలేదు. కెమెరా నావైపు వాలింది. లాక్కుని గుండెకి పొదువుకున్నాను. "చూశావా, ఇసక మింగేస్తోంది! పీటని మింగింది నిన్ను మింగదా?" అని పిన్ని ఒడ్డుమీదినుంచే కేకలు. ఆ సాయంత్రం అంతటితో సరి.

రాత్రి అన్నం తింటూ ఆలోచించాను. కాళ్ళుంటేనే కదా దిగేది? కాళ్ళు లేని స్టాండు కావాలి. దిండుగలీబులో ఊక కూరి మూతి కుట్టేస్తే, ఎత్తు సరిపోతుంది, కెమెరా దానిలో ఒదిగి కూర్చుంటుంది. పిన్నికి చెప్పాను. పొద్దున్న నేను లేచేసరికి గలీబు నిండి, కుట్టు కూడా పడి, గుమ్మంలో సిద్ధంగా ఉంది. చెయ్యివేస్తే మెత్తగా, పసిపిల్ల బుగ్గలా ఉంది. ఇంత మెత్తని ఊక ఎక్కడిదా అని నాకు అనుమానమైనా రాలేదు. లెక్కల్లో ఎప్పుడూ వెనకపడని నేను ఇక్కడ వెనకపడ్డాను.

స్టాండంటే ఇదీ అనుకున్నాను. మళ్ళీ ఇద్దరం ఒడ్డుకి చేరి, ఇసకలో దిండు వేసి పెడితే కెమెరా ఇటూ అటూ కదల్లేదు. కుట్టుపని టేపుతో కన్నందాకా దూరం కొలిచి, కెమెరా మీద అంకె తిప్పి, పడుకుని ఊపిరి బిగబట్టాను. కెరటాల చప్పుడు చెవిలోనే ఉంది. ప్రతి కెరటం నన్నే వెతుక్కుంటూ వస్తున్నట్టుంది. కాలిమీద ఏదో పాకింది. పామే అనుకున్నాను. కదిల్తే కెమెరా పడుతుంది కాబట్టి పాముతోనే రాజీపడ్డాను. (పాము కాదు, పీత.) ఎదురుగా కన్నంలోంచి రెండు కళ్ళు పుల్లలమీద పైకి లేచాయి. ఇంకో కన్నంలోంచి ఇంకో రెండు. మీటమీద వేలు పెట్టానో లేదో, మెడమీద వేడిగా, తడిగా, భుస్సుమని ఊపిరి తగిలింది.

ఆ ఊపిరి ఎవరిదో తెలియని ఆ కాసేపట్లో నేను ఎన్ని అనుకున్నానో చెప్పలేను. దొంగ అనుకున్నాను. మడ అడవిలోంచి వచ్చిన పెద్దపిల్లి అనుకున్నాను. తల తిప్పుదామంటే పట్టీ. లేద్దామంటే కెమెరా. అప్పుడు దూరంగా గొడుగు ఎగిరిపోతుంటే వదిలేసి పరిగెత్తుకొస్తూ పిన్ని అరిచింది.

"ఒసే కదలకే! గేదె! గేదేనే!"

"దాన్ని తోలు పిన్నీ!"

"అమ్మో, ఆ కొమ్ములు చూడు! ఆ సంచీ ఇచ్చెయ్యవే దానికి, తవుడు కోసం వచ్చింది!"

"తవుడేంటి? నేను ఊక కదా పెట్టమన్నాను!"

"ఊక గరుకే, పరాయి వస్తువుకి గీతలు పడవూ? అందుకే మంచి తవుడు పోశాను! ప్రభువా, ఈ పిల్లని కాపాడు, ఆ కెమెరాని కూడా!"

(అక్క ఈ కథ చెప్పినప్పుడల్లా గేదెలు రెండంటుంది. ఒక్కటే. నేనున్నాను అక్కడ.) ఆ ఒక్కటీ గలీబు మూతి పట్టి ఒక్క గుంజు గుంజింది. కుట్టు పటపటా తెగింది. కెమెరా పక్కకి దొర్లుతుంటే రెండు చేతులతో ఒడిసిపట్టాను. వేలు ఎక్కడ నొక్కిందో తెలీదు, టిక్కుమంది. తవుడు ఇసకమీద పరుచుకుంది. దాంతో పీతలకి నామీద భయం పోయింది. కన్నాల్లోంచి వరదలా వచ్చి, గేదె మూతి కిందా నా ముక్కు ముందూ తిండికి తగులుకున్నాయి. అంత దగ్గరగా, అంత నిశ్చింతగా, అన్ని మొహాలు! స్టాండు చూస్తే గేదె నోట్లో ఉంది. కెమెరా నేలకి తగలకూడదు. రీలు ముందుకి తిప్పి, రెండు మోచేతులు ఇసకలో గుచ్చి, గడ్డం కెమెరాకి ఆనించి, ఆ మూడింటిమీద కెమెరా నిలబెట్టాను. చెవి పక్కనే గేదె నములుతోంది. పిన్ని కీర్తన అందుకుంది. ఒక పీత ఆగి, రెండు కళ్ళూ నిటారుగా పెట్టి, నన్నే చూసింది. నొక్కాను. అప్పుడే పెద్ద కెరటం వచ్చి నడుందాకా ముంచేసింది. నేను మాత్రం దిగ్గున లేచి కూర్చుని, పట్టీ అందినంత మేర చేతులు పైకెత్తి, కెమెరాని సముద్రానికి అందకుండా పట్టుకున్నాను. చుక్క తగల్లేదు.

బందరులో బావ మొదట కెమెరాని అటూ ఇటూ తిప్పి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు, ఆ తరవాతే నన్ను కూర్చోమన్నాడు. చీకటిగది తలుపు మూసుకున్నాక ఆ గుమ్మంలో నేనూ, అక్కా, కడుపులో ఉన్నదీ, ముగ్గురం ఎదురుచూశాం. చాలాసేపటికి తడి కాగితం ఒకటి పట్టుకుని వచ్చాడు. "మరదలు పిల్లా, రెండు సొరంగాలు కనపడుతున్నాయి. బెజవాడ రైలుదారివా?" అన్నాడు. గేదె ముక్కు. రెండో కాగితంలో పీత ఉంది. మొహం మొత్తం, కళ్ళు రెండూ, నన్ను నిలదీస్తున్నట్టు. "ఇది బాగుందే! కాస్త మసకొచ్చింది, అంతే. స్టాండు ఏదైనా కదిలిందా?" అన్నాడు.

ఆ ఫోటో బళ్ళో గోడమీద ఉండి ఉండి, వెల్ల వేసినప్పుడు తీస్తే నేను అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడది నా మంచం ఎదురుగా ఉంది. ఇప్పుడు నేలమీద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. బోర్లా పడుకోవడం డాక్టరుగారు మానేయమన్నారు. చూసినవాళ్ళు, ఎంత బాగా తీశారండీ, అంచులు కాస్త చెదిరాయి గానీ, అంటారు. చెదరడం కాదది. ఇరవై రెండేళ్ళ పిల్ల రెండు మోచేతులూ ఒక గడ్డమూ, సముద్రానికీ గేదెకీ మధ్య, కదలకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నిస్తూ. బావ అడిగిందానికి ఆ రోజు జవాబు చెప్పలేదు. కదల్లేదు బావా. వణికింది.