వేడిగాలి గొట్టం

సౌదీ అంటే ఎండ తప్ప మరొకటి ఉండదని నమ్మి, పెట్టెలో ఒక్క స్వెటరైనా పెట్టుకోకుండా విమానమెక్కిన అమాయకపు రోజులవి. జగిత్యాలలో ఉండగా నాకు చలంటే భయం లేదు. చలంటే ఏమిటో సౌదీ ఎడారిలోని ఊరు హఫర్ అల్ బాతిన్‌కు వచ్చాకే తెలిసింది. పుష్యం వచ్చేసరికి తెల్లవారుజామున పొగమంచు దిగేది, గ్యారేజీలో పానా పట్టుకుంటే వేళ్ళు అతుక్కుపోయేవి. అయినా ఆ శీతాకాలమంతా నేను చలికి వణికింది తక్కువ, కోపంతో ఊగిపోయింది ఎక్కువ. ఇన్నేళ్ళయినా తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. (మా ఆవిడ పక్కనుంచి "మండుతే మండనీయి, నువ్వయితే రాయి" అంటోంది. ఆమెకు ఇందులో ఉన్న భాగమేమిటో ముందుముందు తెలుస్తుంది.)

నన్ను అక్కడికి రప్పించింది మా బావ, అంటే మా మేనమామ కొడుకు. గ్యారేజీలో పెద్ద మెకానిక్ అతడు, అతని చేతి కింద నేను. బావ చెల్లెలితోనే నాకు మాఘమాసంలో పెళ్ళి. ఇద్దరం కలిసి ఊరికి పోదామని సెలవు అడిగాం. గ్యారేజీ యజమాని, మా ఇకామాలకు, అంటే అక్కడ ఉండే పర్మిట్లకు, పూచీ ఉండే కఫీలూ ఒక్కడే, ఒక పెద్దాయన. ఆయన సెలవిస్తేనే మేం దేశం దాటేది. ఆయన వేసవిలో ముచ్చటపడి ఒక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. దాని టెక్కు చూసి మేం 'నవాబు' అని పేరు పెట్టుకున్నాం. చలికాలంలో ఎడారిలో డేరాలు వేసుకునే స్నేహితులకు దాన్ని చూపించుకోవాలని ఆయన కోరిక. నవాబేమో పొద్దున్నే బయలుదేరి, ఊరి పొలిమేర దాటగానే దగ్గి, గురక పెట్టి ఆగిపోయేది.

"సయ్యారా షుగల్ మాఫీ, ఇజాజా మాఫీ!" అని తేల్చేశాడు పెద్దాయన. కారు నడవకపోతే సెలవు లేదట! పెళ్ళికొడుకును నేను, పెళ్ళాగేది ఆయన కారు దగ్గరా? అటు మామ ఫోను మీద ఫోను. "అల్లుడా, పత్రికలు పంచినం. వస్తవా, లేకపోతే నీ ఫోటో పెట్టి లగ్గం జెయ్యమంటవా?"

ఇక బావ వైద్యం మొదలైంది. ప్లగ్గులు మార్చాడు. కార్బురేటర్ విప్పి కడిగాడు. పెట్రోలు పంపు మార్చాడు. నవాబు మాత్రం మారలేదు. అసలు చిక్కేమిటంటే, ఆగిందని ఫోను రాగానే మేం పికప్‌లో పరుగెత్తేవాళ్ళం. మేం చేరి తాళం తిప్పేసరికి ఏమీ ఎరగనట్టు బుర్రుమని లేచేది! పెద్దాయన మమ్మల్ని అనుమానంగా చూసేవాడు, బావ నన్ను చూసేవాడు. "వీడే ఏదో వైరు లూజుగ పెట్టినట్టున్నడు" అని ఆయన ఎదుటే అనేశాడు కూడా. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. చేతిలో పానా ఉంది, పెళ్ళికూతురి అన్న కదా అని ఊరుకున్నాను.

చివరకు విసిగి, "నేనూ వస్తా" అని ఒక తెల్లవారుజామున పెద్దాయన పక్క సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. పొలిమేర దాటింది, ఆగింది. క్షణం ఆలస్యం చేయకుండా బానెట్ ఎత్తాను. ఇంజన్ మీద చెయ్యి పెట్టలేం, అంత వేడి. దాని పక్కనే కార్బురేటర్ చుట్టూ ఫ్రిజ్‌లో పేరుకున్నట్టు తెల్లగా మంచు! పీల్చిన గాలిలోని తడి లోపల గడ్డకట్టి దారి మూసేస్తోంది. కాసేపు ఆగితే ఇంజన్ వేడికి కరిగిపోతోంది, మేం వెళ్ళేసరికి రోగం మాయం. అలా కాకుండా ఇంజన్ పొగగొట్టం వైపు నుంచి కాస్త వేడిగాలి తెచ్చిపెట్టే గొట్టం ఒకటి ఉండాలి. ఇటు మూతి ఉంది, అటు మూతి ఉంది, మధ్యలో గొట్టం లేదు. మూరెడు పొడవు, ముడతలు ముడతలుగా ఉండే వెండిరంగు గొట్టం. ఎక్కడో చూశాను, ఎక్కడ చూశాను...

ఓరి నాయనో! మేమిద్దరం ఉండే గదిలో సింకు పక్కన మేకుకు వేలాడేది అదే. మా పళ్ళు తోముకునే బ్రష్షులు పెట్టుకునే గొట్టం! రోజూ పొద్దున్నే దానిలోంచే బ్రష్షు తీసుకుని, కారులో ఏం పోయిందో వెతకడానికి పోతున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన కథ నాది.

గదికి పోయి, గొట్టం పీకి, బ్రష్షులు నేల మీద పారబోసి బావ ముఖం ముందు ఆడించాను. "ఎవడు పీకిండు దీన్ని?"

"నేనే పీకిన. ఎండాకాలంల అందరు పీకుతరు. దేశమంత వేడిగాలే ఉంటే ఇంజన్‌కు మల్ల వేడిగాలి గొట్టమేందిరా?"

"చలికాలం వస్తదని ఎర్క లేదా? నా లగ్గం ఆపుతున్నవ్ గదనె, నీ చెల్లె లగ్గం!"

బావ కాసేపు తల గోక్కున్నాడు. "సరే, బిగిద్దాం. మరి బ్రష్షులు యాడ పెట్టుకుందం?"

ఆ మాటకు వచ్చిన కోపం నాకు జన్మలో మళ్ళీ రాలేదు. పెద్దాయనకు చెప్పేస్తానని చెప్పులేసుకున్నాను. బావ చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పకురా, కొలువు పోతది. నా చెల్లె మీద ఒట్టు." ఒట్టు పెట్టుకోవడానికి కూడా నా పెళ్ళికూతురే దొరికింది! నోరు మూసుకుని గొట్టం బిగించాను.

మర్నాడు పొగమంచులో నవాబు ఎక్కడా ఆగకుండా డేరాల దాకా పరుగెత్తింది. పెద్దాయన పక్క సీట్లో బావ, వెనక పికప్‌లో నేను. స్నేహితులంతా మూగి, బాగు చేసిందెవరని అడిగారు. నేను నోరు తెరిచేలోపే బావ రొమ్ము తట్టుకున్నాడు. "అనా! అనా ముహందిస్!" తానే ఇంజనీరట!

పెద్దాయన మురిసిపోయి బావ భుజం మీద చెయ్యి వేశాడు. ఇంత మంచి ఇంజనీరు, డేరాలు ఎత్తేదాకా, అంటే చలి పోయేదాకా, నవాబు దగ్గరే ఉండాలన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వెందుకిక్కడ? ఊరికి పో" అన్నట్టు చెయ్యి ఊపాడు. డేరాలో తినమని ఇచ్చిన ఖర్జూరాన్ని బావ మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, అబద్ధమెందుకు.

పెళ్ళిలో మాత్రం ఆ సంబరం నిలవలేదు. పెళ్ళికొడుకుకు ఎదురొచ్చి తీసుకుపోయే ఎదుర్కోళ్ళలో నాకు షర్బత్ తాగించాల్సిన బావ లేడు. పందిట్లోంచి వీడియో కాల్ చేస్తే, ఎడారిలో దుప్పటి కప్పుకుని కనిపించాడు. "చెల్లె, ఏడ్వకు. నవాబు మంచిగ నడుస్తున్నది" అన్నాడు, తనే ఏడుస్తూ. పెళ్ళికూతురు వెక్కివెక్కి ఏడ్చింది. దాచుకున్న తిట్లన్నీ పక్కన పెట్టి ఫోను ఆమె చేతికిచ్చాను.

ఇప్పటికీ పిల్లలు ఆ కారును బాగు చేసిందెవరని అడిగితే మా ఆవిడ తడుముకోదు. "మా అన్న. లగ్గానికి మీ నాయినను తోలి, తను ఆడ్నే ఉన్నడు." నిజం చెప్పాలని నాకు ప్రతిసారీ నాలుక దురద పెడుతుంది. ఒట్టు గుర్తొచ్చి బావ వైపు చూస్తాను. అతడు చాయ్ గ్లాసులోకి చూస్తూ ఉంటాడు. ఆ గొట్టం చేత్తో పట్టుకుని ఊగిపోతున్న కుర్రవాడు ఇవాళ ఎదురైతే, నా స్వెటరు వాడికి తొడిగి, "పోనీలేరా, లగ్గమయితే అయింది గదా" అంటాను.