చూపించిన ముఖం

పెద్దలకు పెట్టే ప్రతి పెత్రమాసకూ మునగాలలో మా అక్క వాళ్లింట్లో, చనిపోయిన మా బావ పేరు మీద బియ్యం ఇస్తారు. ఇచ్చాక అందరం భోజనాలకు కూర్చుంటాం. పప్పు వడ్డించేలోపే బావ తమ్ముడు ఆ మాట అననే అంటాడు. "ఏం కరోనా, ఏం సర్కారు! మా అన్న ముఖమన్న సూపియ్యకపాయె." మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు మండడానికి కూడా ఓపిక లేదు. తలొంచుకుని ముద్ద కలుపుకుంటాను.

నేను సూర్యాపేటలో బడిపంతులమ్మను. కరోనా రోజుల్లో పిల్లల తల్లిదండ్రులకూ చుట్టాలకూ ఫోన్లో అవే జవాబులు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. లేదు, పేషెంటుకింత అని సర్కారుకు ఎవరూ డబ్బులివ్వరు. లేదు, దవాఖానకు పోయినవాళ్లను చంపి కిడ్నీలు తీసుకోరు. లేదు, టీకాలో ఏ మిషనూ పెట్టలేదు. సరే మేడమ్ అనేవాళ్లు. తెల్లారితే అదే వీడియో నాకే పంపేవాళ్లు.

మా అక్కకు మాత్రం ఉన్న భయం ఒక్కటే. దవాఖానలో పోతే మనిషిని ఇవ్వరు, ముఖం చూపించరు, ఎక్కడో గుంతలో వేస్తారని. అందుకే బావకు జ్వరమొస్తే ఎవరికీ చెప్పలేదు. ఇంటింటికీ జ్వరం సర్వే వస్తోందంటే వాడకట్టంతా చేసిన పనే వాళ్లూ చేశారు. బావ బోరు నీళ్లు నెత్తిన గుమ్మరించుకుని, తడి తువ్వాల తలకు చుట్టుకుని, అప్పుడే పొలం నుంచి వచ్చినట్టు అరుగు మీద కూర్చున్నాడు. సర్వేకొచ్చినామె బావ నుదుటి దగ్గర మిషను పెట్టి చూసి, "మంచిగనే ఉన్నరు" అని ముందుకు పోయింది. ఆమె సంచిలో జ్వరం మందుల పొట్లాలున్నాయి. మా వాళ్లకు అందులో ఒక్కటీ రాలేదు. సాయంత్రం అక్క ఫోన్ చేసి, గండం గడిచినంత సంబరంగా ఇదంతా చెప్పింది. నేను తిట్టాను. "నువ్వు సదువుకున్నదానివి, నీకేం తెలుస్తది" అని పెట్టేసింది.

ఊపిరి అందనప్పుడు గానీ సూర్యాపేటకు తేలేదు. దవాఖాన వాళ్లు పడక ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు. అప్పటికే ఆలస్యమైపోయింది. బావ పోయాడు.

అక్క వెంటనే ఏడవలేదు. "ఇస్తరా?" అని అడిగింది. ఇచ్చారు. కవరు జిప్పు గొంతుదాకా తీసి, మమ్మల్ని కాస్త దూరంగా నిలబెట్టి, చూసినంతసేపు చూడనిచ్చారు. బావకు గడ్డం మాసి ఉంది. "మీ వాళ్లను నలుగుర్ని పిలువుండ్రి, ఒంటికి తొడుక్కునే కిట్లు ఇస్తం. మీ ఊరికే తీస్కపోండ్రి" అన్నాడు అక్కడి ఉద్యోగి.

అక్క అందరికీ ఫోన్లు చేసింది. బావ తమ్ముడు వడ్ల లోడుతో మిర్యాలగూడ మిల్లు కాడ లైన్లో ఉన్నానన్నాడు. మిగతావాళ్ల ఫోన్లు మోగి మోగి ఆగిపోయాయి. ఊరి పెద్దమనిషి ఒకాయన మాత్రం ఎత్తి, "ఊర్లెకు తేకు బిడ్డా, నీకు దండం పెడత" అన్నాడు. ఆయన్ని దేవుడిలాంటివాడనేవాళ్లం ఒకప్పుడు.

చివరికి మునిసిపాలిటీ మనుషులే మోశారు. శ్మశానం దారిలో దింపుడు కళ్లం కాడ ఆగి పాడె దించారు. అక్కడ పోయినవాళ్లను చెవి దగ్గర పిలుస్తారు, ఒకవేళ పలుకుతారేమోనని. "ఎవలు పిలుస్తరమ్మా?" అని అడిగారు. పిలవాల్సిన మగవాళ్లు లేరు. అక్క కూతురు ఇంట్లో జ్వరంతో పడి ఉంది. మొగుడి పేరు అక్క ఎన్నడూ నోటితో అనలేదు, అప్పుడూ నోటికి రాలేదు. నేనే దూరం నుంచి పిలిచాను. బావా, బావా, బావా అని. అంత ఏడుపు నాకు మళ్లీ ఎన్నడూ రాలేదు.

ఈసారి పెత్రమాసకు అక్క కొత్త అల్లుడు కూడా వచ్చాడు. కోదాడ అబ్బాయి, నెమ్మదస్తుడు. వంటింట్లో అన్నం వారుస్తున్న అక్కతో, "ఈసారి మీ మరిది ఆ మాటంటే ఊకోను. అల్లుడి ముందే ఉన్నదున్నట్టు చెప్త" అన్నాను.

అక్క గిన్నె దించింది. "చెప్పి? రేపు నా బిడ్డను పండుగకు పిలిచేదెవలు, కాన్పుకు తోల్కచ్చేదెవలు? దాని చిన్నాయనే గద. సర్కారుదేం పోతది చెల్లె, నాలుగు మాటలంటే పడ్తది. నేను వీళ్ల నడుమ బతకాలె."

భోజనాల దగ్గర మరిది ఆ మాట అన్నాడు. అల్లుడు అయ్యో అని నా వైపు తిరిగాడు. "చిన్నత్తయ్యగారూ, మీరు అక్కడే ఉన్నారంట కదా. నిజంగానే చూపించలేదా అండీ?"

బావ తమ్ముడు తలెత్తలేదు. కలిపిన ముద్దనే మళ్లీ మళ్లీ కలుపుతున్నాడు. అక్క గరిటె పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది.

"లేదు బాబూ," అన్నాను. "చూపించలేదు."

అక్క నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.