గంగాళంలో చిటికెడు పసుపు

రెండు దేశాల మధ్య గొడవ పెట్టాలంటే సైన్యాలు కావాలనుకుంటారు మీరు. అక్కర్లేదు. ఎమ్మెస్సీ చదివిన ఒక హైదరాబాదీ ఆడది, ఆమె నోటిదురద, ఓ డబ్బాడు పసుపు, ఇవి చాలు. చేసి చూపించినదాన్ని కాబట్టి చెబుతున్నాను. చదివి నవ్వుకోండి, కానీ మా ఆయన ముందు మాత్రం నవ్వకండి. ఆయనకు ఇప్పటికే నవ్వి నవ్వి నడుం పట్టేసింది.

సంతోష్‌నగర్‌లో మా రంగుల ల్యాబు ఉంది. ల్యాబు అనగానే తెల్లకోట్లూ గాజుగొట్టాలూ ఊహించుకోకండి. మూతపడిన ఒక ఫంక్షన్ హాలు వెనక ఉన్న వంటశాల అది. ఇప్పటికీ వాన పడితే గోడల్లోంచి బగారన్నం వాసన వస్తుంది. ఒకప్పుడు అక్కడ వంటలు చేసిన నర్సింగన్న హాలు మూసినా కదల్లేదు. గంగాళాలతో పాటు ఆయన్ని కూడా ల్యాబుకే అప్పగించి పోయారు. వాటిలో బిర్యానీ ఉడికించిన చేత్తోనే ఇప్పుడు బంతిపూలు ఉడికిస్తాడు.

మా పని ఇదీ. గుడిమల్కాపూర్ మార్కెట్లో అమ్ముడుపోక చెత్తకుప్పకు చేరే బంతిపూలను తెచ్చి, ఎండబెట్టి, రంగు తీస్తాం. నేపాల్ కొండల్లో మన దురదగొండికి అక్క వరసయ్యే మొక్క ఒకటుంది. దాని నారతో వాళ్లు బట్ట నేస్తారు. పువ్వు మనది, నార వాళ్లది. ఇక్కడ మేమూ, ఖాట్మండులో వాళ్లూ, మేం పంపే ఈ పూలతోనే, ఒకే పద్ధతిలో ఆ బట్టకు రంగు అద్దాలి. రెండు చోట్లా ఒకే రంగు వస్తే, సబ్బుకు నిలబడితే, రెండో విడత పరిశోధన మంజూరవుతుంది. లేకపోతే దుకాణం బంద్. నేనూ, నర్సింగన్నా, గంగాళమూ కలిసి రోడ్డు మీద.

అంత పెద్ద పనికి శుభం పలక్కుండా ఎట్లా మొదలుపెడతాం? కొత్త గంగాళం పొయ్యి మీదకెక్కిన ప్రతిసారీ నర్సింగన్న అగ్గిపెట్టె పట్టుకుని నిలబడేవాడు.

"మేడం, పసుపైందా? కాకుంటె నేను పొయ్యి ముట్టియ్య."

"అయితుందన్నా, ఆగరాదు జర! దేవునికంటె నీకే ఎక్కువ తొందరున్నది."

గంగాళం అంచుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, లోపల కూడా ఓ చిటికెడు పసుపు వేసి దండం పెట్టేదాన్ని. చిటికెడంటే మీరనుకునే చిటికెడు కాదు. మా ఇంట్లో అన్నీ మా అత్తగారి కొలతలు. ఆవిడ చిటికెలో పావుకిలో పడుతుంది.

రంగు వచ్చింది చూడండి! పెళ్లికూతురి చీరలా భగ్గుమంది. ఖాట్మండు నుంచి వచ్చిన నమూనా మాత్రం తేనె కలిపిన నీళ్లలా పాలిపోయి ఉంది. అక్కడి ల్యాబు పెద్ద సరితా దీదీ. వీడియోలో మాట్లాడుకునేవాళ్లం. నాదీ హిందీయే, ఆమెదీ హిందీయే. రెండూ హిందీవాళ్లకు అర్థం కావు, మాకు మాత్రం బాగానే అర్థమయ్యేవి.

"విజయా జీ, మా రంగు మీ అంత నిండుగా రావడం లేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నామంటారు?" అని పాపం ఎంతో మర్యాదగా అడిగింది.

మర్యాదగా అడిగితే నాకు ఉపన్యాసం తన్నుకొస్తుంది. "మీ నీళ్లే దీదీ! మంచు కరిగిన నీళ్లు. వాటిలో సత్తువ ఏముంటుంది? మా నీళ్లు చూడండి, దాహానికి తాగితే కడుపు నిండుతుంది!"

ఆమె నీళ్లు మార్చింది. రంగు మారలేదు. "అయితే రంగు పట్టించే మీ పటిక మంచిది కాదు" అన్నాను. పటిక మార్చింది. "మీ చలికి పూలు ముడుచుకుపోతున్నాయి" అన్నాను. ఎండబెట్టిన పూలు ఇంకేం ముడుచుకుంటాయని అడగనందుకు ఆమెకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను. వంట రానమ్మకు పొయ్యి వంకర అంటారు కదా, నాకైతే ఏకంగా హిమాలయాలే వంకరగా కనిపించాయి.

చివరికి ఆమె అడగాల్సిన మాట అడిగింది. "మీరు ఇంకేమైనా కలుపుతున్నారా?"

"పూలు, నీళ్లు, పటిక. నాలుగోది పడిందని తేలితే నా పేరు మార్చుకుంటాను!"

ఆగండి, నేను అబద్ధమాడలేదు. శుభలేఖ నాలుగు మూలలకూ పసుపు పెడతాం. అందులో ఏముందని ఎవరైనా అడిగితే ముహూర్తం చెబుతాం, పెళ్లికొడుకు పేరు చెబుతాం, పసుపుందని చెబుతామా? పసుపు మనం వేసేది కాదు, ఉండేది. దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చన్న ఆలోచనే నా తలలోకి రాలేదు.

నోరు అక్కడితో ఆగిందా? మా మీటింగులో, "మనం పంపిన పూలలో సగం వాళ్లు దాచుకుంటున్నరేమో, ఎవరికెరుక?" అనేశాను.

మా డైరెక్టరు సారు బీపీ మాత్ర వెతుక్కున్నారు. "విజయమ్మా, గట్ల మాట్లాడకు తల్లీ. రెండు దేశాల ముచ్చట ఇది. నువ్వూ నేనూ తీర్చే లొల్లి కాదు."

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి సార్. అందరి ముందట ఉతికినాడు ఎవరి రంగేందో బయటపడ్తది."

బయటపడింది.

ఆఖరి పరీక్షకు రెండు దేశాల పెద్దలూ హైదరాబాదు వచ్చారు. సరితా దీదీ ఒకరోజు ముందే దిగింది. అతిథి కదా అని లాడ్ బజార్‌కు తీసుకెళ్లాను. ఎర్ర లక్క గాజులు ఆమెకు నచ్చాయి. బేరం నా చేతిలోకి తీసుకున్నాను.

"పక్కా రంగమ్మా, గ్యారంటీ" అన్నాడు గాజుల ఖాదర్ భాయ్.

"గ్యారంటీ నోటితోని కాదు భాయ్, సబ్బుతోని ఇయ్యి."

పట్టుదల మనిషి. మగ్గుతో నీళ్లు, సబ్బుముక్క తెప్పించి, దుకాణం ముందే గాజును రుద్ది రుద్ది కడిగాడు. రంగు ఇంత కూడా చెదరలేదు. "దేఖో! మరి మీరు గూడ రంగులోళ్లేనంట గద? మీ రంగుకు గిట్ల సబ్బు పెడ్తరా?"

"మా రంగును చూస్తె సబ్బే భయపడ్తది భాయ్!"

దీదీ గాజులు తొడుక్కుంటూ చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో ఎంత ఓర్పుందో నాకప్పుడు తెలియలేదు.

మరునాడు మా వంటశాలలోనే, సారీ, ల్యాబులోనే పరీక్ష. బల్ల మీద రెండు పళ్లేలు. ఒకదాంట్లో వాళ్ల పాలిపోయిన గుడ్డ, రెండోదాంట్లో నా భగభగలాడే గుడ్డ. ఇటు మావాళ్లు, అటు వాళ్ల వాళ్లు కూర్చున్నారు. పళ్లేల దగ్గర నేను, కొత్త చీరలో.

"షురూ చెయ్యి విజయమ్మా" అన్నారు సారు.

ముందు దీదీ గుడ్డకు సబ్బు పెట్టాను. నురగ వచ్చింది, రంగు కదల్లేదు. మంచిదే, పాపం, అనుకున్నాను. తర్వాత నా గుడ్డకు పెట్టి రెండుసార్లు రుద్దాను. పసుపుపచ్చ నారింజ అయింది. ఇంకోసారి రుద్దాను. నారింజ ఎరుపయింది. అందరూ చూస్తుండగానే నా బంతిపువ్వు కుంకుమ భరిణె అయి కూర్చుంది.

నేపాల్ పెద్దాయన ముందుకు వంగి, "ఇది ఏ పువ్వు?" అని అడిగాడు.

నా నోరు ఎప్పుడూ నా బుర్రకన్నా ముందు బస్సులో వెళ్లిపోతుంది. "పువ్వేంది, పసుపు! పసుపు మరకకు సబ్బు పెడితె గిట్లనే ఎర్రగైతది, మా ఆయన బనీన్లన్నీ గిట్లనే..." అని ఆగిపోయాను.

తెలుగులో అన్నాను కదా, తప్పించుకోవచ్చనుకున్నాను. "ఏమన్నారు?" అని దీదీ మా సారును అడిగింది. ఆయన కళ్లు మూసుకుని, "హల్దీ" అన్నారు.

"హల్దీనా?" దీదీ నావైపు తిరిగింది. "నాలుగోదా?"

అంతటితో నా పరువు పూర్తిగా పోకుండా మిగిలిందేమో అని నర్సింగన్నకు అనుమానం వచ్చినట్టుంది. వెనకనుంచి గట్టిగా, "అవ్ సార్, మేడం పసుపెయ్యంది నేను పొయ్యే ముట్టియ్య!" అని భక్తిగా సాక్ష్యం చెప్పాడు.

దీదీ లేచి, భోజనాల బల్ల మీది నిమ్మచెక్క తెచ్చి నా ఎర్ర గుడ్డ మీద పిండింది. ఎరుపు మళ్లీ పసుపు రంగయింది. సబ్బుకు ఎర్రబడి, పులుపుకు తిరిగొచ్చేది పసుపే, ఇంకేం అనుమానం? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే, కానీ బట్టల సబ్బు పట్టేస్తుంది. తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. నేను సరిహద్దు దాటి మరీ చెరిచాను.

ముందు నవ్వింది ఆ పెద్దాయనే. తర్వాత గోడల్లోని బగారన్నం కూడా నవ్వినట్టనిపించింది. "ఇన్ని నెలలు మా నీళ్లను తిట్టారు కదా విజయా జీ," అంది దీదీ, "ఇంటికెళ్లి కొండలకు చెబుతాను, తప్పు వాటిది కాదని."

"దీదీ, పూలు దాచుకున్నారని కూడా అన్నాను" అని అక్కడే చెప్పేశాను. అడక్కపోయినా చెప్పడం నా జబ్బు.

"తెలుసు. మీ సారు అప్పుడే ఫోన్ చేసి క్షమించమన్నారు."

దుకాణం బంద్ కాలేదండీ. నా భగభగల వల్ల కాదు, సబ్బుకు నిలబడ్డ దీదీ గుడ్డ వల్ల. బంతిపువ్వు అసలు రంగు అదే, ఆ తేనె రంగు. పసుపు లేకుండా మేమిక్కడ మళ్లీ ఉడికించి, అదే రంగు చూపించాలన్నది షరతు. రెండో విడత అప్పుడే.

నర్సింగన్న అలిగాడు. "పసుపు లేంది పొయ్యెట్ల ముట్టియ్యాలె మేడం? అరిష్టం గాదా?" దీదీయే తీర్పు చెప్పింది: "పూజ వాకిలికి చెయ్యండి. గంగాళానికి కాదు." ఇప్పుడు ఆయన గేటుకు పసుపు రాసి, చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, నాకు కూడా వాసన చూపించి, అప్పుడు అగ్గిపుల్ల గీస్తాడు. మొన్న మా గుడ్డా వాళ్ల గుడ్డా పక్కపక్కన పెడితే ఏది ఏ దేశానిదో మా సారు కూడా చెప్పలేకపోయారు. రెండో విడత వచ్చేసింది.

ఇక నా ప్రతిజ్ఞ. ఈ జన్మలో, వచ్చే జన్మలో, ఒకవేళ ఖాట్మండులో పుడితే ఆ జన్మలో కూడా, గంగాళం దరిదాపుల్లో పసుపు డబ్బా మూత తీయను. ఉత్తమాట కాదు, దేవుడికి ముడుపు కట్టి మొక్కాలనుకున్నాను. ముడుపంటే తెలుసుగా? తెల్లగుడ్డను పసుపునీళ్లలో ముంచాలి. ముంచబోయి, చెయ్యి వెనక్కి లాక్కుని, ఉత్త తెల్లగుడ్డలోనే రూపాయి కట్టి మొక్కాను. స్వామీ, ఈసారికి ఇట్లాగే సర్దుకో. కావాలంటే సబ్బు పెట్టి చూసుకో.