అమ్మగారు చూడని మొదటి సగాలు

మా అమ్మగారు పోయారు. కన్నతల్లి కాదు. మా ఊళ్ళో పాస్టరు గారిని అయ్యగారు అంటాం, ఆయన భార్యని అమ్మగారు అంటాం. బందరులో నేను పనిచేసే కళ్ళద్దాల షాపులో ఒక పెద్దాయన చేత గోడ మీది అక్షరాలు చదివిస్తుండగా మా అమ్మ ఫోన్ చేసింది. "అమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారే" అంది. మధ్యాహ్నం భోంచేసి, నిన్నటి సీరియల్ మళ్ళీ వేస్తే చూసి, టీవీ కట్టేసి, పడక్కుర్చీలో నడుం వాల్చారట. అయ్యగారు టీ తెచ్చి పిలిస్తే పలకలేదట.

పెడనలో ఉన్న మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆయనది కలంకారీ అద్దకం పని. "సీరియల్ అయిపోయిందా?" అని అడిగారు. అయ్యాకే పోయారన్నాను. "పోన్లే" అన్నారు. వినేవాళ్ళకి ఇదేం పరామర్శ అనిపిస్తుంది. ఆవిడ తెలిసినవాళ్ళకి మాత్రం అది ఏడుపే.

ఆవిడ పుట్టిల్లు గుడివాడ. వాళ్ళ నాన్న అక్కడ ఒక సినిమా హాల్లో క్యాంటీన్ నడిపేవారు. ఆదివారం చర్చి, మిగతా వారమంతా సినిమా హాలు, అలా పెరిగారు. మొదటి సగం నడుస్తున్నంతసేపూ ఇంటర్వెల్ కోసం బజ్జీలు వేయడం, పల్లీల పొట్లాలు కట్టడం. ఇంటర్వెల్ తోపులాట అయ్యాక గ్లాసులు కడిగి బోర్లించి, పక్క తలుపులోంచి లోపలికి వెళ్ళి నేల మీద కూర్చునేవారు. అందుకని ఆవిడ చిన్నప్పుడు చూసిన సినిమాలన్నీ రెండో సగాలే. హీరో ఎందుకు ఊరొదిలాడో తెలీదు, తల్లీ కొడుకూ ఎక్కడ విడిపోయారో తెలీదు. వాళ్ళు కలుసుకున్నప్పుడు మాత్రం హాల్లో అందరికంటే ఎక్కువ తానే ఏడ్చేదాన్నని చెప్పేవారు.

"జనం విలన్ని తిడుతుంటే నాకు నోరొచ్చేది కాదే. వాడి మొదటి సగం నేను చూళ్ళేదుగా" అనేవారు.

ఆవిడ విశ్వాసమంతా ఈ ఒక్క ముక్క మీదే నిలబడింది అంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. మనుషులందరినీ మనం ఇంటర్వెల్ తర్వాతే చూస్తామని, మొదటి నుంచి చూసినవాడు దేవుడొక్కడేనని ఆవిడ గట్టిగా నమ్మారు. చాలామంది ఇలాంటివి వేదిక మీద చెప్పి, కిందికి దిగగానే మర్చిపోతారు. ఆవిడ మర్చిపోలేదు.

గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక ఆవిడదే. నాట్ల రోజుల్లో ఆడవాళ్ళు కాళ్ళ బురద ఆరకుండానే పొలం నుంచి నేరుగా వచ్చేవాళ్ళు. ప్రార్థన అయ్యాక వాక్యం. అది బైబిల్లో మొదలై ఎప్పుడు టీవీలోకి వెళ్ళేదో మాకెవరికీ తెలిసేది కాదు. సీరియల్లో కోడల్ని గుమ్మం బయట నిలబెట్టిన అత్తగారిని అందరం ఏకగ్రీవంగా శపిస్తుంటే, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టేవారు.

"ఆగండమ్మా. ఆ అత్తగారు ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు మీలో ఎవరన్నా చూశారా?"

మేం చూడలేదు. సీరియల్ వాళ్ళు కూడా చూపించలేదు.

"అది చూసినాయన ఒక్కడే. ఆయనేమో తిట్టట్లేదు. మనకెందుకే అంత తొందర?"

బైబిల్లో, ఐదుగురు భర్తలు మారి, బావి దగ్గరికి మిట్టమధ్యాహ్నం ఒంటరిగా నీళ్ళకొచ్చిన స్త్రీ గురించి నేను బోలెడు ప్రసంగాలు విన్నాను. అందరూ ఆమె భర్తల్నే లెక్కపెట్టారు. అమ్మగారు ఒక్కరే, "అంత ఎండలో ఎందుకొచ్చిందో ఎవరూ అడగరేంటమ్మా? పొద్దున్నే నలుగురితో కలిసి వస్తే ఆ నలుగురూ ఏమనేవాళ్ళో" అన్నారు. ఆ రోజు మాలో, ఊరి కుళాయి దగ్గర ఎవరూ పలకరించని ఒకామె కూర్చుని ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూడిక అయ్యాక ఇద్దరు ముగ్గురు ఆమెతో కలిసి నడిచి వెళ్ళారు.

ఫోన్లు వచ్చాక ఆవిడకి ఇంకో పాఠ్యపుస్తకం దొరికినట్టయింది. ఎన్నాళ్ళు ప్రార్థించినా దేవుడు వింటున్నట్టే లేదని ఒక కోడలుపిల్ల కూడికలో బావురుమంది. అమ్మగారు ఆమె చేతిలోని ఫోన్ చూపించి, "నువ్వు పంపిన మెసేజీ వెళ్ళిందిగా? టిక్కులు నీలంగా మారలేదని చూళ్ళేదనుకుంటున్నావు. చూసినా నీలం కనపడకుండా పెట్టుకునేవాళ్ళు ఉంటారంట గదా, మా మనవరాలు చెప్పింది. ఆయనా అట్టా పెట్టుకున్నాడేమో" అన్నారు. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వేసింది.

అయ్యగారు పద్ధతి గల మనిషి. సినిమాలు విశ్వాసులకి తగవని ప్రసంగంలో చెప్పేవారు. చెబుతూ చెబుతూ ముందు వరసలో కూర్చున్న భార్య వైపు చూపు పోతే దగ్గేవారు. సంఘపెద్దలు ఇంటికి వస్తున్నారంటే టీవీ మీద దుప్పటి కప్పమనేవారు. "దేవుడికి తెలిసిన టీవీని పెద్దలకి దాయడమెందుకండీ" అని ఆవిడ టీవీ కట్టేసేవారు గానీ, దుప్పటి మాత్రం ఏ రోజూ కప్పలేదు.

ఇక నా సంగతి. వాళ్ళ నాన్నగారికి కళ్ళద్దాలు మార్పించడానికి మా ఆయన మా షాపుకి వచ్చారు. గుడ్డ మీద అచ్చు పక్కన అచ్చు సరిగ్గా పడటం లేదని ఆ పెద్దాయన బాధ. అద్దాలు కుదరలేదని ఒకసారి, ఫ్రేము వదులైందని ఒకసారి, ఏ వంకా దొరక్క ఊరికే ఒకసారి, అలా కొడుకు వస్తూ పోతూ ఉండగానే మేమిద్దరం పెళ్ళి మాట దాకా వచ్చాం. వాళ్ళు హిందువులు. మాది తాతల నాటి నుంచి చర్చి కుటుంబం. వాళ్ళింట్లో కొంత గొడవ జరిగి సర్దుకుంది. మా సంఘంలో సర్దుకోలేదు.

అబ్బాయి నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకుంటే చర్చిలోనే పెళ్ళి చేస్తామన్నారు పెద్దలు. మా అమ్మానాన్నలకీ అదే తేలిక దారి అనిపించింది. మా ఆయన వాళ్ళ ముందు నిలబడి, "నమ్మకం కుదిరితే ఎప్పుడైనా మునుగుతానండి. పిల్లనిస్తారని మునిగితే మీ దేవుడికి అబద్ధం చెప్పినట్టే గదా" అన్నారు. పెద్దలకి కోపం వచ్చింది. అమ్మగారికి ఆ మాట నచ్చింది. "ఈ అబ్బాయికి దేవుడంటే భయం ఉంది. మనలో సగం మందికి అదే లేదు" అన్నారు, అయ్యగారు వినేలా.

బందరులో రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాం. ఆ వెంటనే వచ్చిన ఆదివారం నన్ను బల్లకి దూరంగా ఉంచుతున్నట్టు సంఘపెద్ద ప్రకటించారు. బల్ల అంటే ప్రభువు బల్ల. నెలలో మొదటి ఆదివారం అయ్యగారు రొట్టె ముక్కలూ ద్రాక్షరసం గిన్నెలూ ఉన్న పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడుస్తారు. మేం చాపల మీద కూర్చుంటాం, ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. దూరం పెట్టినవాళ్ళు చివరి చాప మీద, చెప్పులు విడిచే గుమ్మం పక్కన కూర్చోవాలి. అక్కడిదాకా పళ్ళెం రాదు. బయటివాళ్ళకి ఇది చిన్న విషయంగా కనపడొచ్చు. మాకు మాత్రం అది పంక్తిలో అందరికీ వడ్డించి ఒకరికి విస్తరి వేయకపోవడమే. ఆ నేల మీద పాకి పెరిగినదాన్ని నేను. ఒక్కసారి వెళ్ళి కూర్చుని, ఇక ఆ గడప తొక్కకూడదని నిశ్చయించుకునే ఆ మొదటి ఆదివారం వెళ్ళాను.

అయ్యగారు పళ్ళెం తీసుకోబోతుండగా అమ్మగారు ముందు చాప మీద నుంచి లేచారు. బైబిలు సంచి చంకన పెట్టుకుని, మోకాళ్ళ నొప్పులతో మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. అందరికంటే ముందు రొట్టె అందుకునేది ఎప్పుడూ ఆవిడే. అయ్యగారు ముందు చాప మీది ఖాళీ చోటు చూసి, తలెత్తి గుమ్మం దగ్గరున్న భార్యని చూశారు. ఆ రోజు దగ్గలేదు.

"మీరు వెళ్ళండి అమ్మగారూ, బాగోదు" అన్నాను.

"ఎక్కడికే? నేను మొదటి నుంచీ చూసిన కథలు ఏ రెండో మూడో. అందులో నీదొకటి. మధ్యలో లేచి పొమ్మంటావేంటి?"

సండే స్కూల్లో నాకు పాటలు నేర్పింది ఆవిడే. జ్వరమొస్తే మా ఇంటికొచ్చి తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది ఆవిడే. ఆ రోజు ఆవిడ రొట్టె తీసుకోలేదు. నేను తల వంచుకుని ఏడ్చాను. మళ్ళీ రాకూడదన్న నిశ్చయం ఆ ఏడుపుతోనే పోయింది, ఎందుకంటే నేను రాకపోతే వచ్చే నెల ఆవిడ ఆ చాప మీద ఒంటరిగా కూర్చుంటారని నాకు తెలుసు.

తర్వాతి నెలా కూర్చున్నారు, ఆ పై నెలా కూర్చున్నారు. సంఘపెద్ద అడగడానికి ఇంటికి వెళ్ళారు. అప్పుడు మా అమ్మ అక్కడే ఉంది, తనే నాకు చెప్పింది. అమ్మగారు ఆయనకి టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారట.

"మీరేం తప్పు చేశారని బల్ల మానేశారండీ?" అని అడిగారట ఆయన.

"చెయ్యలేదని మీకెట్టా తెలుసండీ? మీరు నా రెండో సగమే గదా చూసింది" అన్నారట ఆవిడ. ఆయన టీ తాగి, వందనాలు చెప్పి వెళ్ళిపోయారట.

వరికోతలు అయిపోయాక ఒక మొదటి ఆదివారం అయ్యగారు ముందు వరస దగ్గర ఆగలేదు. పళ్ళెం పట్టుకుని నడిమి దారిలో నేరుగా గుమ్మం దాకా వచ్చారు. ముందు నాకిచ్చారు, తర్వాత ఆవిడకిచ్చారు. అక్కడి నుంచి వెనక్కి తిరిగి మిగతావాళ్ళకి ఇచ్చుకుంటూ వెళ్ళారు. కమిటీలో పెద్ద గొడవే అయింది. "ఈ బల్ల నేను వేసింది కాదు, మీరు వేసిందీ కాదు" అని మాత్రం అని ఆయన కూర్చున్నారట. అయ్యగారిని ఎలా ఒప్పించారని తర్వాత అమ్మగారిని అడిగాను.

"నేనేం చెప్పలేదే. రోజూ అన్నం వడ్డించాను. ఆయనకే తినబుద్ధి కాలేదు" అన్నారు.

మా ఆయన్ని ఆవిడ మొదటి రోజు నుంచి అల్లుడనే పిలిచారు. పెడనలో మా షెడ్డుకి వచ్చి, ముక్కాలిపీట వేసుకుని అద్దకం చూసేవారు. పటిక కలిపిన జిగురుతో అచ్చు వేస్తే గుడ్డ మీద ఉందా లేదా అన్నట్టుంటుంది. ఆ గుడ్డని రంగు నీళ్ళలో ఉడకబెట్టినప్పుడే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది. ఆ తేలడం చూడ్డానికి ఆవిడ పీట కుండ దగ్గరికి జరుపుకున్నారు. మా ఆయన నవ్వుతూ, "ఏంటి అత్తయ్యగారూ, దీంట్లో కూడా వాక్యం దొరికిందా?" అన్నారు.

"దొరికింది. చెప్పను. అన్నిట్లోనూ నాకే దొరికితే నీకేం మిగిలిద్ది, అల్లుడూ?"

బాప్తిస్మం మాట ఆయన దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. నా దగ్గరా ఎత్తలేదు. ఆయన ఇప్పటికీ తీసుకోలేదు. కానీ మా షెడ్డులో గుడ్డ ఉడుకుతుంటే కుండ దగ్గర నిలబడి, మూత తీసి, ఒక్కోసారి తనలో తాను ఏదో అనుకుంటూ ఉంటారు. ఏంటని నేనూ అడగను.

అమ్మగారి సమాధి దగ్గర మా ఆయన, చర్చి దాకా వచ్చినా లోపలికి రాని అలవాటు కొద్దీ, ప్రహరీ అవతలే నిలబడ్డారు. అయ్యగారు జనంలోకి చూస్తూ, "అల్లుడేడీ?" అన్నారు. మా ఆయన వచ్చి గుప్పెడు మట్టి వేశారు. మట్టి తడిగా ఉండి చేతికి అంటుకుంది. ఇంటికి వచ్చేదాకా కడుక్కోలేదు.

ఇది రాయడానికి అసలు కారణం మొన్నటి ఆదివారం. అయ్యగారు ఆ మధ్య రిటైరయ్యారు, ఆ వీధిలోనే ఉంటున్నారు. కొత్త పాస్టరు కుర్రాయన, మంచివాడు, రూలు ప్రకారం నడిచే మనిషి. మా సంఘంలో ఇంకో అమ్మాయి పోయిన నెలలో, విశ్వాసి కాని అబ్బాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. పాత ప్రకటననే మళ్ళీ చదివారు. అమ్మగారు పోయాక మొదటి బల్ల ఆదివారం అది. ఆ అమ్మాయి చివరి చాప మీద, చెప్పుల పక్కన, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది.

నేను లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాను. "మీరు ముందుకెళ్ళండక్కా" అంది ఆ అమ్మాయి. తన పుట్టుపూర్వాలు నాకేమీ తెలియవు. "అబ్బాయిది ఏ ఊరమ్మా?" అని అడిగాను. అవనిగడ్డ అవతల అని, తనతోపాటు బస్సులో వచ్చేవాడని గుసగుసగా చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికే పళ్ళెం బయల్దేరింది.

మగవాళ్ళ పక్క ముందు వరసలో, మోకాళ్ళు వంగవు కాబట్టి అయ్యగారికి ఒక ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. పళ్ళెం తన దగ్గరికి రాకముందే ఆయన లేచారు. కుర్చీ ఎత్తే బలం లేక, దాని వెనక భాగం పట్టుకుని ఈడ్చుకుంటూ నడిమి దారిలో గుమ్మం వైపు రావడం మొదలుపెట్టారు. సంఘపెద్ద సాయానికి లేవబోతే వద్దని చెయ్యి ఊపారు. పాట ఆగిపోయింది. కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీసుకుంటూ మా చాప దగ్గరికి వచ్చేదాకా, కొత్త పాస్టరు గారు పళ్ళెం రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడిపోయారు.